ఎవరి స్పాంజీ వాళ్ళదే

పోయిన మంగళవారం నూజివీడులో మా పెద్దమ్మ కన్నుమూసింది. మా అమ్మకు అక్క. ఊళ్ళో చాలామందికి ఆమె మామిడి తోటల్లో కాయలు సర్దే మనిషిగానే తెలుసు. ఎనభైల్లో ఈ చుట్టుపక్కల నాటకాలాడిన మాబోటి వాళ్ళకు మాత్రం ఆమె మేకప్ మనిషి. ఆ పని మొదట పెదనాన్నది. ఆయన పోయాక రంగుల పెట్టె ఆమె చేతికొచ్చింది. ఆమె మేకప్ వేసే నాటక బృందంలోనే నేను రాణి వేషాలు వేసేదాన్ని.

మేకప్ స్పాంజీలు కొనే స్తోమత మాకు లేదు. పెద్దమ్మ హనుమాన్ జంక్షన్‌లో లారీ సీట్లు కుట్టే షాపులో మిగిలిపోయిన ఫోము ముక్కలు అడిగి తెచ్చి, కత్తెరతో గుండ్రంగా కోసేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క, గుర్తుకు ఒక్కో రంగు దారం. నాది పచ్చదారం. నాటకమైన మర్నాడు వాటికి కాస్త వేరుశనగ నూనె పట్టించి, జిడ్డురంగు వదిలాక గోరువెచ్చని కుంకుడు రసంలో వేసేది. మెలిపెట్టనిచ్చేది కాదు. "చిరుగుద్ది, అరచేతుల మధ్య నొక్కవే" అనేది. బ్రష్షులకైతే వెంట్రుకలవరకే తడి. పిడి తడిస్తే జిగురు ఊడిపోతుందని భయం. కడిగినవాటిని తలకిందులుగా దారానికి కట్టి నీడలో ఆరేసేది.

"ఎవరి మొహం వాళ్ళదే కదా, స్పాంజీ కూడా అంతే" అనేది, ఎవరైనా నవ్వితే.

ఒక ఏడు శివరాత్రికి ఉంగుటూరులో ఆట. రాజు వేషం వేసే ఆయన ఆసామీ, బృందానికి పెద్దదిక్కు. సాయంత్రం వచ్చేసరికే ఆయన కళ్ళు ఎర్రగా, పుసులు కట్టి ఉన్నాయి. ఎప్పుడూ మేకప్‌కి మొదట కూర్చునేది ఆయనే.

"బాబుగారూ, కళ్ళకలకండి. ఇవాళ్టికి మీరు ఆఖర్న కూర్చోండి" అంది పెద్దమ్మ.

"నన్ను ఆగమంటావా?" అంటూ ఆయన పెట్టెలోంచి సన్న బ్రష్షు లాక్కుని, అద్దం ముందు తన కళ్ళు తనే దిద్దుకున్నాడు.

ఆమె దగ్గరున్న మంచి బ్రష్షు అదొక్కటే, పెదనాన్న వాడినది. ఆయన కింద పెట్టగానే దాన్ని తీసి, రెండుగా విరిచి, నీళ్ళు కాగుతున్న పొయ్యిలో పడేసింది. మా అందరికీ అగ్గిపుల్లలకు దూది చుట్టి కళ్ళు దిద్దింది. ఆట బాగానే జరిగింది. మాలో ఎవరికీ కలక రాలేదు.

ఆ తర్వాత ఆమెను పిలవడం మానేశారు. మళ్ళీ పిలవమని నేనూ, ఇంకో ఇద్దరం రాజుగారిని అడిగాం.

"నలుగురిలో నా పరువు తీసింది" అన్నాడాయన. మా మాట చెల్లలేదు.

పెద్దమ్మ జి. కొండూరు వైపు తోటల్లో కోతలకు వెళ్ళింది. బెజవాడ నుంచి కొత్త మేకప్ మనిషి వచ్చాడు. అతని స్పాంజీ ఒక్కటే, అందరికీ అదే. వేసవి ముదిరేసరికి నా చెంపలమీద పొక్కులు లేచాయి. చెలికత్తె వేషం వేసే కొత్తమ్మాయి మొహమంతా చీముపట్టి, జ్వరంతో మంచమెక్కింది. రాజుగారి గడ్డం కింద కూడా సెగ్గడ్డలే.

ఒకరోజు ఆయనే, కొత్త మనిషి వాడుతున్న మేకప్ పెట్టె పట్టుకుని తోటకు బయలుదేరాడు. దారి చూపడానికి నేనూ వెళ్ళాను. పెద్దమ్మ గంపలో గడ్డి పరిచి కాయలు సర్దుతోంది.

"అమ్మా, నాదే పొరపాటు. నువ్వు రావాలి" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. పొక్కుల కబురు అప్పటికే విన్నట్టుంది, మొదట అడిగింది ఆయన సంగతి కాదు.

"ఆ పిల్ల మొహం ఎలా ఉందండీ? మచ్చలు పడతాయంటున్నారా?"

"తగ్గుతోందమ్మా. పడవన్నాడు డాక్టరు."

అప్పుడు పెట్టె తెరిచింది. స్పాంజీని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, విసిరి అవతల పారేసింది. బ్రష్షులు మాత్రం ఏరి చేతిలోకి తీసుకుంది.

"రేపట్నుంచి వస్తాను. ముందు వీటి సంగతి చూడాలి" అంటూ బోరు దగ్గరికి నడిచింది.

ఆయన కండువా నడుముకు బిగించి చేతిపంపు కొట్టాడు. ఆమె గొంతుకూర్చుని ఒక్కో బ్రష్షూ వేళ్ళతో నలుపుతూ కడిగింది. ఎరుపూ, పసుపూ, నలుపూ కలిసిన నీళ్ళు కాలవలో పడి, మామిడి చెట్టు పాదులోకి మెల్లగా పారాయి. ఆయన ఇక చాలా అన్నట్టు చూసినప్పుడల్లా ఆమె తల ఎత్తకుండానే, "ఇంకాస్త కొట్టండి, బాబుగారూ" అనేది.