చీరల కవరు

మా అత్తగారి బీపీ మాత్రలు టీవీ పక్కనే ఉండేవి. డిప్రెషన్‌కి నేను వాడే మాత్రలు మాత్రం బియ్యం డబ్బా వెనక దాక్కోవాలి. ఏలూరులో డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ వాటిని చీరల షాపు కవర్లో పెట్టుకుని రమ్మనేవారు మావారు. తెలిస్తే పరువు పోతుందట.

ఆ రోజు తాడేపల్లిగూడెం బస్సులో పక్క సీటావిడ నా కవరు చూసి, "ఏం చీర తీసుకున్నారండీ?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. "మీకెందుకండీ?" అని కసిరాను.

ఆవిడేమీ నొచ్చుకోలేదు. తన ఒళ్ళోని చీరల కవరు తెరిచి నావైపు వంచారు. లోపల నావిలాంటి మాత్రల అట్టలే.

"మావాళ్ళూ ఇలాగే తెమ్మంటారండీ. ఆదివారాలు పెంటపాడులో మా మేడ మీద ఇలాంటి వాళ్ళం కొంతమందిమి కూర్చుంటాం. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటాం. ధైర్యంగా ఉండమని మాత్రం ఎవరూ అనకూడదండీ. అన్నవాళ్ళే ఆ రోజు అందరికీ టీ పెట్టాలి. మొన్న నేనే పెట్టాను."

ఉంగుటూరు దాటేదాకా మా ఇంటిల్లిపాదినీ తిడుతూనే ఉన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా సర్దుకుపొమ్మనలేదు.

ఆ ఆదివారం పెంటపాడు వెళ్ళాను. కొల్లేరు వైపు నుంచి వచ్చిన చేపల రైతొకాయన అందరి ముందూ భోరున ఏడ్చారు. ఎవరూ ఆపలేదు. తర్వాత నేను మాట్లాడాను. నా కోపం అక్కడెవరికీ వింతగా అనిపించలేదు.

ఇంటికొచ్చి నా మాత్రలు టీవీ పక్కన పెట్టాను. మావారు గబగబా తీసి దాచబోయారు.

"దాచండి. అత్తయ్యగారివి కూడా దాచండి" అన్నాను.