మైకక్క మిక్సీ

పళ్ళ మార్కెట్లో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ మైకక్కే. తెల్లారకముందే మామిడి బుట్టలు, అరటి గెలలు, బొప్పాయిలు లారీల మీంచి దిగుతుంటే, ఆవిడ చెక్కపెట్టె మీదికెక్కి, చేతిలో వెదురుకర్రతో ఒక్కో బుట్టనూ వేలం వేసేది. ఒకసారి మార్కెట్ షావుకారు మైకు పెట్టుకోమంటే, "నాకెందుకండీ అది? కావాలంటే దాన్ని నా ముందు పెట్టండి, అదే నేర్చుకుంటుంది" అందట. అప్పట్నుంచీ ఆ పేరు ఖాయమైపోయింది. ఆవిడ "రెండోసారి!" అని అరిస్తే పక్కవీధిలో టీకొట్టువాడు గ్లాసులు కడగడం ఆపేసి వినేవాడని చెప్తారు. కాస్త కల్పించి చెప్పుంటారులెండి, కానీ మరీ అంత అబద్ధం కాదు.

ఆవిడ మొండితనం గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. వేలంపాట ఎవరు పాడుకున్నా సరే, డబ్బు చేతిలో పడందే బుట్ట కదలదు. షావుకారు సొంత బావమరిదే ఒకరోజు "రేపిస్తాలే" అంటూ బుట్ట ఎత్తబోయాడు. మైకక్క దాని మీద కర్ర అడ్డం పెట్టి, "అయితే రేపే పట్టుకెళ్ళండి బాబూ" అంది. అతగాడు ఎర్రగా చూశాడు, షావుకారు వైపు చూశాడు, చివరికి ఉత్త చేతులతో వెళ్ళాడు.

అలాంటి మనిషి గొంతులో కంతి లేచింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి తీసేసి, నిక్కచ్చిగా చెప్పింది. "నెల రోజులు ఒక్క మాట కూడా వద్దు. గుసగుసలు అసలే వద్దు. తర్వాత గొంతొస్తుంది కానీ, ఆ పాత అరుపు ఇక రాదు. మళ్ళీ అరిచారా, ఉన్నదీ పోతుంది." ఆస్పత్రిలో మైకక్క తల ఊపి ఊరుకుంది. ఇంటికొచ్చాక దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. చప్పుడు చెయ్యకుండా ఏడవడం ఆవిడకి కొత్త. పాపం, అదీ నేర్చుకోవాల్సొచ్చింది.

ఆవిడ నోరు మూతపడగానే ఇంట్లో అందరికీ నోళ్ళొచ్చాయి. భర్త దర్జీ. పెళ్ళయిన నాటినుంచీ "ఊఁ" తప్ప ఇంకో మాట ఎరగని మనిషి. ఇప్పుడు మిషను తొక్కుతూ తొక్కుతూ, ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, కిటికీ ఎంతవరకు తెరవాలో అన్నీ ఆయనే చెప్తున్నాడు. మరిదైతే ఇక చెప్పక్కర్లేదు. మార్కెట్లో ఆవిడ బదులు తాత్కాలికంగా పెట్టె ఎక్కాడు. ఎక్కిన మర్నాటికే "తాత్కాలికంగా" అన్న మాట మర్చిపోయాడు. కూతురు ఒక్కతే, "అమ్మని కూడా అడగండి బాబాయ్" అంటూ ఒక పలక తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. ఏం లాభం? మైకక్క ఒక మాట రాసేలోపు మరిది పది మాటలు చెప్పేసి, అరచెయ్యి దులుపుకుని లేచిపోయేవాడు. మూడోనాడు పలక మంచం కిందికి పోయింది.

తిండి సంగతి సరేసరి. పొద్దున గంజి, మధ్యాహ్నం గంజి, రాత్రి మళ్ళీ అదే. జన్మంతా మామిడిపళ్ళ మధ్య బతికిన మనిషికి తెల్లటి గంజి! ఓ పూట గిన్నె పక్కకి తోసేసి, పెదాలు బిగించి కూర్చుంది. అప్పుడు కూతురు మిక్సీ తీసి, మామిడి, బొప్పాయి, అరటిపండు, అనాసముక్కలు కొబ్బరిపాలలో వేసి తిప్పి, "దీన్ని స్మూతీ అంటారమ్మా. హాయిగా దిగుతుంది" అంది. హాయా! అనాస పులుపు పచ్చిగొంతుకి తగిలేసరికి మైకక్క కళ్ళ వెంట ధారగా నీళ్ళు. కూతురు హడలిపోయింది. కానీ నీళ్ళు తుడుచుకుంటూనే మైకక్క గ్లాసు అంచు నాకి చూసింది. మిగతాదంతా బాగుంది!

మర్నాడు వంటిల్లు ఆవిడదే. అనాసకి చోటు లేదు. మచ్చలు పడేదాకా మగ్గిన అరటిపండు, ఒక్క గింజ కూడా మిగలకుండా గీకిన బొప్పాయి, వేలితో నొక్కి చూసి ఏరిన మామిడి. ముందు కొబ్బరిపాలలో అరటిపండు, తర్వాత బొప్పాయి, చివర్న మామిడి. గ్లాసులోకి వంచేటప్పుడు వడకడుతుంది, గొంతులో పీచు గుచ్చుకోకుండా. ఆ చిక్కటి పసుపురంగు చూసుకుంటే ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆవిడ మొహంలో కళొచ్చింది.

ఆ పొద్దున్నే ఇంకోటి కూడా కనిపెట్టింది. హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు, ఒక బల్ల మాత్రం ఉంది. బల్లకి అవతల మరిది అన్నగారితో, "ఇకమీదట వదిన ఇంటిపట్టునే ఉంటే మంచిదన్నయ్యా" అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మైకక్క మిక్సీ బటన్ తిప్పింది. బర్ర్ర్! మరిది ఆగాడు. మిక్సీ ఆగింది. "అదే, ఇంటిపట్టున..." బర్ర్ర్! మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఆగింది. "అసలు నేననేదేంటంటే..." బర్ర్ర్ర్ర్!

కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. మైకక్క నవ్వలేదు. మిక్సీ జారు మూత మీద అరచెయ్యి ఆనించి, మరిదిని అలా చూస్తూ నిలబడింది. పోయిన గొంతు ఎక్కడో దొరికినట్టనిపించింది ఆవిడకి.

కానీ మరిది పప్పులు వేరేచోట ఉడుకుతున్నాయి. ఆదివారం పొద్దున షావుకారుని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. పెద్దమనిషి ఉత్త చేతులతో రాకూడదని ఒక అనాసపండు పట్టుకొచ్చాడు. మైకక్క దానికో దండం పెట్టి కిటికీ గట్టు మీద పెట్టేసింది. వచ్చిన పనేంటో అందరికీ తెలుసు. ఆవిడ పెట్టె, ఆవిడ కర్ర శాశ్వతంగా మరిదికివ్వాలి. దానికి ఆవిడ చేత సరే అనిపించాలి.

"వదిన ఒప్పుకుందండీ. గొంతు లేకుండా వేలమేంటి, నువ్వే చూసుకో అంది" అన్నాడు మరిది.

అందిట! గుసగుస కూడా ఆడని మనిషి అందిట! మైకక్క బల్ల వెనక్కెళ్ళి పళ్ళు జారులో వేసింది.

బర్ర్ర్!

"ఆవిడకి కొంచెం బాధగానే ఉందనుకోండి, కానీ..."

బర్ర్ర్!

"ఏమే, పెద్దాయన వచ్చినప్పుడైనా ఆపవే" అన్నాడు భర్త. ఆపింది. ఆయన తల వంచుకుని, "నాకు భయంగా ఉందండీ. మళ్ళీ అరిచిందంటే ఉన్నదీ పోతుందన్నారు" అన్నాడు. అది నిజమైన భయమే. అందుకే ఆయన మాట మీద ఆవిడ బటన్ ముట్టుకోలేదు.

షావుకారు నిట్టూర్చాడు. "నిన్ను వదులుకోవడం నాకూ ఇష్టం లేదమ్మా. కానీ అంత జనంలో, అంత గోలలో, గొంతు లేకుండా ఎలా నెగ్గుకొస్తావు? నువ్వే చెప్పు."

నువ్వే చెప్పు అట! మైకక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టె మీద నిలబడి పిల్లని పెంచింది, ఆ కర్రతో ఎంతమందో మొనగాళ్ళ కళ్ళు దించింది. ఇప్పుడు ముక్కు మూసుకుని ఇంట్లో కూర్చోవాలా?

జారు ఎత్తి స్టీలు గ్లాసులోకి వడకట్టింది. ఒకే ఒక్క గ్లాసు, నిండా. బల్ల మధ్యలో పెట్టింది. కాలితో పీట లాగి, దాని మీదికెక్కి, చెంచా చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్కరి కళ్ళలోకీ చూసింది. చెంచాతో గ్లాసు అంచు మీద కొట్టింది.

టంగ్!

కూతురికి అర్థమైంది. "ఒక మామిడిపండు!" అంది కిలకిలా నవ్వుతూ.

చెంచా కూతురి వైపు తిరిగింది. మైకక్క ఒక వేలు చూపించి, ఇంతేనా అన్నట్టు అరచెయ్యి తిప్పి, షావుకారు వైపు కనుబొమ్మ ఎగరేసింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ వేలాల్లో బతికిన ఆయన చెయ్యి అడక్కుండానే లేచింది. "డజను" అనేశాడు ముసలాయన.

చెంచా ఆయన వైపు తిరిగింది. టంగ్. ఒకటోసారి. మైకక్క ఆగింది. టంగ్. రెండోసారి. మళ్ళీ ఆగింది. చెంచా గాల్లో ఉంది. అప్పుడు తల తిప్పి మరిదిని చూసింది. ఊరికే చూడలేదు, "పోనీలే, నీ వల్లేమవుతుంది" అన్నట్టు పెదవి ఒక్క పిసరు వంచి చూసింది. మార్కెట్లో ఆ చూపుకి లొంగనివాడు లేడు.

"బుట్ట!" అని అరిచాడు మరిది.

"బుట్టన్నర" అన్నాడు షావుకారు.

"రెండు బుట్టలు!" మరిది మునికాళ్ళ మీద లేచాడు.

చెంచా షావుకారు దగ్గర ఆగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. టంగ్. ఒకటోసారి. టంగ్. దర్జీ కూడా బల్ల మీదికి వంగాడు. టంగ్! చెంచా కొస మరిది ముక్కుకి సూటిగా వచ్చి ఆగింది.

షావుకారు తొడ మీద చరిచి నవ్వాడు. "ఏరా, గొంతు లేకుండా వేలమేంటి అన్నావే! మరి ఇప్పుడు నువ్వు మునికాళ్ళ మీద లేచి పాడిందేంటిరా?"

మరిది మొహం కందగడ్డ అయింది.

"మరి గొంతండీ..." అని నసిగాడు దర్జీ.

"ఆవిడ అరిస్తే కదయ్యా నీ భయం? నేను అరవనివ్వను. ఒక కంచు గంట చేయించి ఇస్తాను, కొట్టుకోమను" అని మైకక్క వైపు తిరిగాడు షావుకారు. "రేపు తెల్లారేసరికి పెట్టె దగ్గరుండమ్మా. నీ కర్ర నీదే."

మైకక్క కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ పీట దిగలేదు.

పరువు నిలబెట్టుకోవడానికి మరిది కూడా ఇకిలించి, "సరే, గెలిచింది నేనేగా" అంటూ గ్లాసు అందుకోబోయాడు. గ్లాసు మీద చెంచా అడ్డంగా పడింది. ఎడమ అరచెయ్యి అతని ముందుకి చాచుకుంది.

"ఏంటి వదినా?"

"రెండు బుట్టలు, బాబాయ్. ముందు అవి" అంది కూతురు.

"రేపిస్తాలే వదినా!"

షావుకారు కళ్ళు మూసుకున్నాడు, ఇక చూడలేనట్టు. మైకక్క చెంచా తీసి పక్కన పెట్టింది. గ్లాసు ఎత్తి, మరిది కళ్ళలోకి చూస్తూ, గుటక గుటకకీ ఆగుతూ, అడుగంటా తాగింది. తర్వాత ఖాళీ గ్లాసు అతని ముందు బోర్లించి, పీట దిగి, మిక్సీ కడుక్కోవడానికి వెళ్ళింది.