అత్త గదిలో రెండు ముదురు రంగులు

మా మేనత్త చనిపోయిందని బాపు ఫోన్ చేసినప్పుడు నేను బస్సులో ఉన్నాను. ఏడుపు రాకముందే ఎదురుగా ఉన్న దుకాణం బోర్డు చదవసాగాను, అక్షరాలు కనిపిస్తున్నాయో లేదోనని. ఎందుకో తెలియాలంటే ఆమె గది గోడ గురించి చెప్పాలి.

కొత్తకోటలో అత్త ఇల్లు హైవే పక్కనే. చూపు తగ్గడం మొదలయ్యాక తెల్లగోడల వెలుతురు ఆమె ఓర్చుకోలేకపోయింది. గదికి ముదురు రంగు వేయమంది. గుహ చేస్తావా అక్కా అని బాపు ఎగతాళి చేస్తే, "గబ్బిలానికి గుహ గాక బంగ్లా కావాల్నారా?" అంది.

పెయింటర్ కిటికీ పక్కన రెండు పట్టీలు వేసి చూపించాడు. ఎడమది నేరేడుపండు రంగు, కుడిది వంకాయ రంగు. ఎండ పడితే నేరేడులో నీలం, వంకాయలో ఎరుపు తెలిసేవి. మబ్బు పడితే రెండూ ఒకటే అనిపించేవి.

అత్త ఏదీ ఖాయం చేయలేదు. నేను వెళ్లినప్పుడల్లా, చెప్పులు విడవకముందే, ఏది నేరేడో ఏది వంకాయో చెప్పమనేది. చెప్పాకే చాయ్. గ్లాసు పొంగకుండా అంచు లోపల వేలు పెట్టుకుని పోసేది. చిన్నప్పుడు చీరలు ముందేసుకుని నాకు రంగుల పేర్లు నేర్పింది ఆమే. తర్వాత చీర కొనాలంటే, "నీ కండ్లు జర కిరాయికియ్యి బిడ్డా" అని నన్నే వెంట తీసుకెళ్లేది.

చివరిసారి వెళ్లినప్పుడు విసుగొచ్చి, నీకేది నచ్చిందో తేల్చమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకు రెండూ ఒక్కతీర్గనే కనవడ్తున్నయి బిడ్డా. ఎడమది నేరేడని యాదికుండి చెప్తున్న, సూసి గాదు. గిది రక్తంల వస్తదని దవాఖానల జెప్పిన్రు. మా నాయినకుండె, నాకొచ్చింది. నీకు రాలేదు గదా అని అడుగుతున్న."

దినాలకు ముందు ఇంటికి సున్నం వేయడం మా ఆనవాయితీ. ఆ పట్టీలున్న జాగా వదిలేయమని బాపును అడిగాను. ఆయన కాసేపు నా కళ్లలోకి చూసి, కుంచె బకెట్‌లో పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

మబ్బు పట్టింది. చుట్టూ తడి సున్నం వాసన. పట్టీల ముందు నిలబడ్డాను. ఎడమది నేరేడు, కుడిది వంకాయ. తడుముకోకుండానే చెప్పాను. చూసి చెప్పానో, యాదికుండి చెప్పానో.