పంజగుట్టలో నా బంగారు గడియారం

నా గాజులు మూడుసార్లు బ్యాంకుకు పోయి వచ్చాయి. ఒకసారి మా ఆయన మరమగ్గం మోటారు కోసం, ఇంకోసారి మరిది ఆపరేషన్ కోసం, మరోసారి ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు. పెట్టిన ప్రతిసారీ విడిపించుకున్నాం, అందుకు ఎవరి మీదా కోపం లేదు. కానీ ఈ ఏడు సిరిసిల్లలోని నా కుట్టుమిషన్ల షెడ్డుకు బడి యూనిఫాంల ఆర్డరు బాగా వచ్చింది. నాకంటూ కొంత మిగిలాక, ఈసారి కొంటే బ్యాంకు తీసుకోని బంగారమే కొనాలని తీర్మానించుకున్నాను. అంటే చేతి గడియారం. కొత్తది మన స్తోమతకు అందదు. ఒకరు వాడి అమ్మేసిన స్విట్జర్లాండ్ గడియారాలు హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజగుట్ట వైపు దొరుకుతాయని విన్నాను.

నాతో మా ఆయన అక్క సుగుణ వదిన బయల్దేరింది. బంగారం కొనే పనికి ఒక్కదాన్ని పంపనని పట్టుబట్టి వచ్చిందే తప్ప, ఈ గడియారం సంగతి ఆమెకు సుతరామూ నచ్చలేదు.

"బ్యాంకు తీస్కోని బంగారం ఎందుకే పద్మా?" అంది బస్సు ఎక్కుతూనే.

"గందుకే వదినా" అన్నాను.

తెల్లవారుజామున సిరిసిల్ల బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం, జీరో టికెట్టే, ఆధార్ కార్డు చేతికందేలా పెట్టుకుంటే చాలు. సిద్దిపేట దాటేసరికి ఎండ వచ్చింది. ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు ఆపితే చాయ తాగాం. పక్క సీటాయన వదిన ఒడిలోని సంచి చూసి, "పెండ్లి బట్టలకా అమ్మా?" అని అడిగాడు. "కాదయ్యా, మా మరదలు టైం కొనుక్కుంటదట" అంది వదిన. ఆయనకు ఏం అర్థమైందో గానీ, మంచిదే అన్నట్టు తలూపాడు.

జూబ్లీ బస్టాండులో దిగేసరికి తొమ్మిది దాటింది. అక్కణ్నుంచి మెట్రోయే సుఖం. బస్టాండు పక్కనే పరేడ్ గ్రౌండ్ స్టేషన్ ఉంది, అమీర్‌పేటకు నేరుగా రైలుంది. జీరో టికెట్టు మెట్రోకు చెల్లదు, డబ్బు పెట్టి కొనాలి. వదిన ఆ ఎత్తు మెట్లను చూసి జంకింది గానీ రైలు బేగంపేట మీదుగా పోతుంటే కిటికీకి అతుక్కుపోయి, "మస్తుందే గిది" అంది.

అమీర్‌పేటలో దిగితే ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. వీపున సంచులేసుకున్న పిల్లలు నదిలా పోతుంటే మేమిద్దరం గట్టు పట్టుకుని నడిచాం. ఓ హోటల్లో నిలబడి ఇడ్లీ, వడ తిన్నాం. చట్నీ బాగుంది, కాఫీ మాత్రం చక్కెర పానకం.

మేం వెతుక్కుంటూ పోయిన దుకాణం ఓ కాంప్లెక్సు మొదటి అంతస్తులో ఉంది. అద్దాల గది, చల్లటి గాలి, కోటు వేసుకున్న సేల్స్‌మన్. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, నల్లటి ముఖమల్ మీద ఓ ఆడవాళ్ల గడియారం పరిచాడు. అద్దం చుట్టూ రాళ్లు. అబద్ధమెందుకు, చూడగానే నా గుండె ఝల్లుమంది. చేతికి పెట్టుకుంటే గదిలో ఉన్న దీపాలన్నీ నా మణికట్టు మీదే వెలిగినట్టనిపించింది.

"ఎయిటీన్ క్యారెట్ మేడమ్. ఓన్లీ వన్ ఓనర్. ఈ రోజే తీసుకుంటే స్పెషల్ ప్రైస్" అన్నాడు.

ఇంట్లో బయల్దేరేముందే నేనొకటి తెలుసుకుని వచ్చాను. ఈ స్విట్జర్లాండ్ బంగారు గడియారాలకు వెనక మూత లోపల 750 అనే అంకె కొట్టి ఉంటుంది, అదే పద్దెనిమిది క్యారెట్లకు గుర్తు. ఆ అంకె ఒక్కటే చాలదని, బంగారం పరీక్ష చేసే చోట కూడా చూపించుకోవాలని మా ఊరి కంసాలి చెప్పాడు.

"మూత తీసి చూపించండి" అన్నాను.

"ఓపెన్ చేస్తే వారంటీ పోతుంది మేడమ్."

వదిన ముందుకు వంగింది. "ఒకలు వాడిడిసినదానికి వారంటీ ఏందయ్యా? సరే, తియ్యకు. మేమే పరీక్షకు తీస్కపోతం, నువ్వు సుత రా."

"అలా బయటికి పంపించం అమ్మా. మా మీద నమ్మకం లేకపోతే ఎలా?"

ఆ గడియారం నిజంగా బంగారమే కావచ్చు, కాకపోవచ్చు. నాకు తెలియదు. తెలుసుకోనివ్వనప్పుడు కొనకూడదు, అంతే. చేతి నుంచి దాన్ని విప్పుతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది. కిందికి దిగాక వదిన, "గింతకంటె గాజులు నయం కాదానే? ఇగ పోదామా?" అంది. నేను పంజగుట్ట వైపు నడిచాను. మెట్రోలో ఒకటే స్టేషన్ దూరం, కానీ నాకు ఆ ఎండలో నడవాలనే అనిపించింది.

పంజగుట్టలో పెద్ద పెద్ద నగల షోరూముల వెనక సందులో రెండో దుకాణం ఉంది. చిన్నది. వచ్చినవాళ్లంతా ఓనర్‌ని భాయ్ అని పిలుస్తున్నారు. నెరిసిన గడ్డం, కంటికి వేలాడే భూతద్దం. "కూచో అక్కా, జర ఆగాలె. ఈ అమ్మగారి పని అయిపోనీ" అన్నాడు.

కౌంటర్ ముందు ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. గంజి పెట్టిన చీర, తెల్లటి ముడి. ఆమెకూ భాయ్‌కీ మధ్య, గుడ్డ మీద, వేలి గోరంత డయల్ ఉన్న బంగారు గడియారం. గొలుసు కూడా బంగారమే, జడలా అల్లినట్టుంది. రాళ్లు లేవు, మెరుపూ పెద్దగా లేదు. సాయంత్రపు ఎండ రంగులో ఉంది.

"బంగారం అసలుదే అమ్మా, అందులో ఫికర్ లేదు. కాని గింత చిన్న సైజు ఇప్పుడు ఎవ్వరు అడుగుతలేరు. నేను తీస్కుంటే లోపలి మిషన్ తీసి పక్కన పడేసి, తూకానికి కరిగించుడే. ముందే చెప్తున్న, తర్వాత బాధపడొద్దు" అన్నాడు భాయ్.

ఆమె గొలుసు అల్లికను వేలితో తడిమింది. తర్వాత, "కరిగించడం తప్ప ఇంకేం దారి లేదా బాబూ?" అంది.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం. కుర్చీలోంచి లేచేశాను.

"అమ్మా, కరిగించొద్దు. నేను కొనుక్కుంట."

ముగ్గురూ నా వైపు తిరిగారు. వదిన నా కొంగు పట్టి లాగింది. భాయ్ భూతద్దం పైకెత్తి నవ్వాడు. "నా దుకాణంల కూచొని నా బేరమే గుంజుకుంటున్నవా అక్కా?"

"నీ మేర, నీ కమీషన్ నీకు ఇస్త భాయ్. నువ్వే పరీక్ష చెయ్యి, నువ్వే బిల్లు రాయి. అమ్మకు తూకం కంటె ఎక్కువ వస్తది, నాకు గడియారం వస్తది."

భాయ్ ఆమె వైపు చూశాడు. ఆమె మాత్రం నన్ను చూస్తోంది, పరీక్షగా.

"ఏం చేస్తారమ్మా దీన్ని? బీరువాలో పెట్టడానికైతే నా బీరువా చాలు" అంది.

"మిషన్ మీద కూచున్నప్పుడు పెట్టుకుంటనమ్మా. నాకు కుట్టు షెడ్డు ఉంది, పన్నెండు మంది పనిచేస్తరు. పొద్దటి నుంచి పొద్దుమీకెదాంక చేతికే ఉంటది."

ఆమె ముఖం మారింది. తన పేరు కామేశ్వరి అనీ, శ్రీనగర్ కాలనీలో ఉంటుందనీ, సినిమాలకు డబ్బింగ్ చెప్పేదనీ అప్పుడు చెప్పింది. "నా సంపాదనతో నేను కొనుక్కున్న మొదటి బంగారం ఇదేనండీ. తీరా చూస్తే పనిలో ఉండగా ఒక్కరోజూ పెట్టుకోలేదు. మైకు ముందు నిలబడితే దీని టిక్కు టిక్కు కూడా రికార్డయిపోయేది! ఇంజనీర్ గారు 'ఏంటండీ ఆ చప్పుడు' అని విసుక్కునేవారు. వచ్చీరాగానే తీసి బయట పెట్టేదాన్ని. ఇప్పుడేమో తీరికుంది గానీ, కీ తిప్పడానికి వేళ్లు వంగవు." వాచీ పక్కనున్న ఆ చిన్న మరను చూపించింది. "రోజూ పొద్దున్నే తిప్పాలి, మరిచిపోతే ఆగిపోతుంది. మీకు కుదురుతుందా?"

"పొద్దున లేస్తె బాబిన్లకు దారం చుట్టుడే నా మొదటి పని. దాంతోపాటే ఇది."

"అయితే మీరే తీసుకోండి" అంది.

అంత తేలిగ్గా అయిపోతే ఇంకేం! భాయ్ మూత తీశాడు. లోపల 750 అంకె స్పష్టంగా ఉంది, భూతద్దంలో నాకూ చూపించాడు. కానీ గడియారం నడవడం లేదు. ఏళ్ల తరబడి ఎవరూ తిప్పలేదట. "లోపల ఏమన్న తుప్పు పట్టి ఉంటె పార్ట్స్ దొరకవు అక్కా. అప్పుడు నేను కొనమని చెప్ప" అన్నాడు. దీపం దగ్గరికి లాక్కుని, సన్నటి పట్టకారుతో లోపల ఏదో కదిపి, చిన్న మరను మెల్లగా తిప్పాడు. ఏమీ లేదు. ఇంకాస్త తిప్పాడు. కామేశ్వరి గారు కళ్లు మూసుకున్నారు. వదిన, ఇంతసేపూ నన్ను ఆపుతున్న మనిషే, "నడువు తల్లీ, నడువు" అని గొణగడం నాకు వినిపించింది.

లోపలి చక్రం ఒకసారి వణికి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

"చల్ పడీ, నడిచింది!" అని భాయ్ బల్ల మీద చరిచాడు. తుప్పు లేదు, నూనె ఎండిపోయిందంతే. వారం పది రోజుల్లో తెచ్చిస్తే శుభ్రం చేయిస్తానన్నాడు.

చేతికి పెట్టుకోబోతే మాత్రం కొక్కెం కలవలేదు. ఆమెది పుల్లలాంటి మణికట్టు, నాది కత్తెర పట్టిన చెయ్యి. నా ముఖం చూసి కామేశ్వరి గారు గబగబా సంచిలోంచి పాత పెట్టె తీశారు. అప్పట్లో తీయించేసిన గొలుసు ముక్కలు రెండు, దూదిలో భద్రంగా ఉన్నాయి. భాయ్ వాటిని బిగించాడు. ఈసారి కొక్కెం టప్పున పడింది.

ఇలా కొనడానికి వెళ్లే వాళ్లకు ఒక మాట. బిల్లులో గడియారం మీది నంబరు, బంగారం తూకం రాయించుకోవాలి. అమ్మేవాళ్ల గుర్తింపు కార్డు నకలు, సంతకం తీసుకోవాలి. నలుగురం ఆ సందు చివర ఉన్న పరీక్ష కేంద్రానికి పోయి తేల్చుకుని వచ్చాకే డబ్బు మా బ్యాంకు నుంచి ఆమె ఖాతాకు పంపించాను. ధర ఇక్కడ రాయను. కొత్త గాజుల జతకు పడేదానికంటే కాస్త ఎక్కువ, షోరూములో కొత్త గడియారానికి అడిగేదానికంటే మస్తు తక్కువ.

అప్పటికి మధ్యాహ్నం దాటింది. భాయ్ ఇరానీ చాయ తెప్పించాడు. చాయ తాగుతూ వదిన, "అమ్మా, మీరు సినిమాలల్ల ఎవరికి మాటలు చెప్తుంటిరి?" అని అడిగింది. కామేశ్వరి గారు కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, ఆరేళ్ల పాప గొంతుతో, "అక్కా, అక్కా! నీ గడియారం భలే ఉందే! నాకో బిస్కెట్ పెట్టవా?" అన్నారు. వదిన ఉలిక్కిపడి చాయ ఒలకబోసుకుంది. వీధిలో పోతున్నవాళ్లు కూడా పాప ఎక్కడుందా అని తొంగి చూశారు. మేం నలుగురం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. ఆటో ఎక్కేముందు ఆమె నా మణికట్టు పట్టుకుని డయల్‌ను ఓసారి వేలితో నిమిరి వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేనంత నిశ్చింతగా కనిపించారు.

బిర్యానీ తిని, మళ్లీ మెట్రోలో జూబ్లీ బస్టాండు చేరుకున్నాం. సాయంత్రం సిరిసిల్ల బస్సులో సీట్లు దొరికాయి. వదిన కూర్చుంటూనే నిద్రపోయింది. నా పక్కన సిద్దిపేట పోయే ముసలావిడ ఒకామె కూర్చుంది, చేతులకు వెండి కడియాలు. శామీర్‌పేట దాటేదాకా నా చేతినే చూసి చూసి, చివరికి అడిగింది.

"బంగారందేనా బిడ్డా?"

"బంగారందే అవ్వా."

"మీ ఆయన కొనిచ్చిండా?"

"లేదవ్వా. నేనే కొనుక్కున్న."

కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ముందు సీటు వాళ్లు తిరిగి చూశారు. ముసలావిడ నా ముఖంలోకి చూసి, కడియాన్ని మోచేతి వైపు నెట్టుకుని, తన చెయ్యి నా ముందుకు చాపింది.

"జర నాకు పెట్టవా? జూస్త."

పెట్టాను. ఆమె ఆ చేతిని కిటికీ ఊచ మీద ఆనించి, పడమటి వెలుగులో అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ సిద్దిపేట వచ్చేదాకా అలాగే కూర్చుంది. దాన్ని వెనక్కి అడగాలని నాకొక్కసారి కూడా అనిపించలేదు. దిగేముందు ఆమే విప్పి నా చేతికి పెట్టింది. హైదరాబాద్‌కు చాలాసార్లు పోయి వచ్చాను, సరుకు కోసం, ఆస్పత్రుల కోసం. నా కోసం పోయి గెలిచి వచ్చింది మాత్రం ఇదే.