నిదానం గారి నూట యాభై

మా బావ లిఫ్టు మెకానిక్. ఇరవై ఏడేళ్లుగా ఆయన పని ఒకటే: లిఫ్టు కుదుపు లేకుండా కదలాలి, గడపకు సమంగా ఆగాలి. తోటి మెకానిక్‌లు ఆయన్ని నిదానం అని పిలుస్తారు. స్కూటరును ముప్పై దాటనివ్వడు. పక్కనుంచి సైకిళ్లు దాటిపోతుంటే వెనక కూర్చున్న మా అక్కకు తల కొట్టేసినట్టుంటుంది. అలాంటి మనిషి గంటకు నూట యాభై కిలోమీటర్లు పోయే రిమోటు కారు చేయడానికి వెనక గదిలో రెండేళ్లుగా తంటాలు పడుతున్నాడని తెలిసి, అణచుకున్న కోరికల మీద నేనొక వ్యాసం రాసి పారేశాను. ఆయన ఓపిగ్గా చదివి, "బాగుంది గానీ, మోటారు ఎన్ని వోల్టులో రాయలేదే?" అన్నాడు.

రోషం వచ్చి సహాయకుడిగా చేరాను.

కారు మూరెడు పొడవు. అడుగున కార్బన్ ఫైబర్ పలక, దాని మీద జామకాయంత బ్రష్‌లెస్ మోటారు. లోపల రాసుకుని అరిగిపోయే బ్రష్షులు లేవు కాబట్టి అది ఎంత వేగమైనా తట్టుకుంటుందట. నాకు అప్పగించిన మొదటి పని స్పాంజి టైర్లను చక్రాలకు జిగురుతో అతికించడం. టైర్లతో పాటు నా రెండు వేళ్లూ అతుక్కున్నాయి. మర్నాడు కాలేజీలో పాఠమంతా ఆ రెండు వేళ్లూ ఎత్తే చెప్పాను. ముఖ్యమైన విషయమనుకుని విద్యార్థులు ప్రతి ముక్కా రాసుకున్నారు.

అంత వేగంతో పోయే కారును చేత్తో తిన్నగా నడపడం ఎవరి తరమూ కాదు. అందుకని లోపల గైరో అనే చిన్న పెట్టె పెడతారు. కారు ముక్కు ఎడమకు జారితే అది ముందు చక్రాలను తనంతట తానే కుడికి తిప్పి సరిచేస్తుంది. శనివారం సాయంత్రం బావ తోక పట్టుకుని కారును తిప్పాడు. పైతొడుగు అడ్డం వచ్చి ఆయనకు ముందు చక్రాలు కనిపించవు. నేను బల్లకు అవతల, కారుకు ఎదురుగా కూర్చున్నాను.

"ముక్కు ఎడమకి తిప్పుతున్నా. చక్రాలు ఎటు తిరిగాయి?"

"కుడికే."

"సరిగ్గా చూశావా?"

"ఈ మాత్రం తెలీదా బావా!"

బావ నమ్మాడు. మా అక్క నమ్మలేదు గానీ, ఆమె నన్ను ఏ విషయంలోనూ నమ్మదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

మా ఊరి చుట్టుపక్కల అరకిలోమీటరు తిన్నగా ఉన్న నున్నటి రోడ్డు ఒక్కటే, గోదాముల ముందున్న కాంక్రీటు రోడ్డు. అక్కడి సూపర్‌వైజరు ఆదివారం పొద్దున ఆరు నుంచి ఏడు దాకా వాడుకోమన్నాడు. ఏడింటికి లారీలు వస్తాయి. సోమవారం నుంచి అక్కడ స్పీడ్ బ్రేకర్లు వేస్తున్నారు. అంటే రెండేళ్ల పనికి దొరికింది ఒక్క గంట.

ఆరుంబావుకు బావ కారును సగం వేగంతో ఒకసారి వదిలాడు. కారు నాలుగు గజాలు పాములా మెలికలు తిరిగి, బొంగరంలా గిరగిరా తిరిగి గడ్డిలో పడింది. పరుగెత్తి తెచ్చింది నేనే. వస్తూ వస్తూ దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాను. ముక్కు ఎటు తిప్పితే చక్రాలూ అటే తిరుగుతున్నాయి. నిన్న నేను చెప్పిన కుడి నాది, కారుది కాదు.

"వెనక డిఫరెన్షియల్‌ది తప్పు. నేనే బిగించా," అంటూ బావ వెనక చక్రాలను తిప్పే ఆ పళ్లచక్రాల డబ్బా స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

చెప్పాలి. చెప్పడానికి మంచి వాక్యం కోసం వెతికాను. మొదట దొరికిన వాక్యంలో కర్త లేడు. రెండోదానిలో కర్త ఉన్నాడు గానీ అది గైరో. ఈ అరగంటలో బావ డిఫరెన్షియల్ మొత్తం ఊడదీసి, తుడిచి, నూనె మార్చి, మళ్లీ బిగించేస్తున్నాడు.

"గైరో దిశను కూడా ఒకసారి పునఃపరిశీలిస్తే..." అన్నాను చివరికి.

మడత కుర్చీలో కూర్చున్న అక్క తల తిప్పింది. "ఒరేయ్, తప్పు నీదేనా?"

"నాదే."

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు బావ.

"గడ్డిలోంచి తెస్తున్నప్పుడు."

బావ గైరో మీది చిన్న మీట అటు నుంచి ఇటు జరిపాడు. దానికి పట్టింది రెండు సెకన్లు.

ఆరూ యాభైకి కారు వదిలాడు. కందిరీగల తుట్టె కదిలినట్టు మోత మోగింది. తల తిప్పేలోపు కారు చివరి గోదాము దగ్గరుంది, గీత గీసినట్టు తిన్నగా. ముప్పై దాటని మనిషి నోరు తెరుచుకుని, రిమోటు గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. కారులోని మీటరు చూస్తే నూట నలభై ఏడు.

"ఇంకొక్కసారి!" అన్నాను.

బావ మోటారు మీద చెయ్యిపెట్టి చటుక్కున తీసేశాడు. "చల్లారాలి. పదిహేను నిమిషాలైనా కావాలి." గేటు దగ్గర అప్పటికే లారీ హారన్ మోగుతోంది.

"పోనీ, నూట యాభై అనే రాసేయ్ బావా. ఎవరొచ్చి చూస్తారు?"

"లిఫ్టు గడపకి మూడంగుళాలు కిందికి ఆగితే జనం తట్టుకుని పడతారు. ఎవరూ కొలిచి చూడలేదని పడటం మానేస్తారా?" అని మార్కరు తీసి, కారు తొడుగు మీద 147 అని గుండ్రంగా రాశాడు.

అక్క కుర్చీ మడుస్తూ అడిగింది, "ఇంతకీ ఆ మూడూ ఏమైనట్టు?"

"మీ తమ్ముడు అరగంట ఆలోచించాడు," అన్నాడు బావ.