ఎనిమిదో దెబ్బ

పన్నెండేళ్లుగా ఒక తప్పుడు లెక్క మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

దివిసీమలో కాలువ లాకుల దగ్గర నా పని. కొలబద్ద మీద నీటి మట్టం చూసి పుస్తకంలో రాయాలి. చదివింది మూడో తరగతి. మిగతా లెక్కలు నేనే నేర్చుకున్నాను. హార్మోనియం కూడా అలాగే, దాని మెట్ల మీద సుద్దతో అంకెలు వేసుకుని. మా చర్చిలో ఎవరు పాట కట్టినా, తాళం దెబ్బలు లెక్కపెట్టి వరస సరిచూసేది నేనే. నా లెక్కను ఎవరూ తిరిగి చూసేవారు కాదు.

ఆ ఏడు క్రిస్మసుకు బందరులో కొత్త పాటల పుస్తకం వేస్తున్నారు. సంఘానికి ఒక్క పాట. మా ఊళ్లో రెండు తేలాయి. ఒకటి నాది. రెండోది సువార్తమ్మది. ఆమె నాట్లకు వెళ్లే మనిషి, చదువు రాదు. పాకలో పుట్టిన బిడ్డకు చలేస్తుందని వరిగడ్డి కప్పే పాట అది. దాని ముందు నా పాట నిలవదని మొదటిసారి విన్నప్పుడే తెలిసింది. ఇన్నేళ్లు లెక్కపెట్టిన నాకు రానిది, అంకెలు రాని మనిషికి ఎలా వచ్చింది? ఆ ప్రశ్నే నన్ను తినేసింది.

పెద్దలది ఒకటే నియమం: సినిమా వరస పనికిరాదు. మా సంఘంలో సినిమాకు వెళ్లడమే పాపం. గుడివాడ వెళ్లి చూసొచ్చినవాళ్లు ఉన్నారు, ఒప్పుకునేవాళ్లు లేరు. నేనూ వెళ్లాను. మూడుసార్లు.

పెద్దల ముందు ఆమె చేత పాడించారు. పాస్టరు అయ్యగారు నావైపు చూశారు. పెళ్లి మైకులో విన్నానంటూ ఒక సినిమా పాట పేరు చెప్పాను. "ఇది ఆ వరసేనండి. అదీ ఎనిమిదే, ఇదీ ఎనిమిదే," అని బల్ల మీద కొట్టి చూపించాను.

ఆమె పాట ఏడు దెబ్బలకు తిరుగుతుంది. ఏడో దెబ్బ తర్వాత ఒక ఉత్త దెబ్బ కలిపాను. తెలిసే కలిపాను.

"మావయ్యగారూ, ఇది మా అమ్మ మొవ్వ చేలల్లో నాటేస్తా పాడేదండి," అంది సువార్తమ్మ. "మా అమ్మ రైలే చూళ్ళేదు, ఇంక సినిమా ఎక్కడ చూసుద్ది?"

ఎవరో నవ్వారు.

"వరస గాలికొచ్చి చెవిలో పడుద్దమ్మా," అన్నాను. "లెక్క గాలికి కలవదుగా!"

"అయితే ఆ సినిమా చూసినోళ్లెవరన్నా లేచి చెప్పండి, ఇది అదో కాదో," అంది సువార్తమ్మ.

ఎవరూ లేవలేదు. కనీసం నలుగురికి తెలుసు, అది ఆ వరస కాదని. లేస్తే సినిమాకు వెళ్లినట్టు ఒప్పుకున్నట్టే. ఇది నేను ముందే లెక్కవేసుకున్నానా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. వేసుకున్నాననే అనుకుంటున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అసలు సినిమా వరస నా పాటదే. గుడివాడలో విన్నదాన్ని నిదానం చేసి దేవుడి మాటలు పెట్టాను. అది పాపమని ఇప్పటికీ అనుకోను. మంచి వరస ఎక్కడ పుట్టినా మంచిదే. ఆ మాట ఆ రోజు లేచి అని ఉంటే రెండు పాటలూ బతికేవేమో.

పుస్తకం వచ్చింది. అందులో నా పాట ఉంది. సువార్తమ్మ మళ్లీ పాట కట్టలేదు. నాట్లలో కూడా ఆ వరస ఎత్తడం లేదని మా ఆవిడ చెప్పింది.

మొన్న ఆదివారం నా పాటను ఆమే ఎత్తుకుంది, పుస్తకం లేకుండా, కంఠతా. చరణం మారేచోట, సరిగ్గా ఉందా అన్నట్టు నావైపు చూసింది. తలూపాను. వేళ్లు మాత్రం హార్మోనియం మెట్ల మీద కదులుతూనే ఉన్నాయి.

ఆమెకు చెప్పలేదు. చెబుతానని మాట కూడా ఇవ్వలేను. అలసిపోయాను. నీటి మట్టం తప్పు రాస్తే కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి సంతకం పెట్టడం మా పనిలో పద్ధతి. సంతకానికి ధైర్యం చాలడం లేదు. అంకె మాత్రం వేస్తున్నాను.

ఆమె పాట లెక్క ఏడు.