ఆదివారం అయిదు రూపాయలు

నిన్న అక్క కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, "పిన్నీ, నా పాకెట్ మనీ అయిపోయింది" అంది. వాళ్లమ్మ ఫోన్ ఎప్పుడూ దాని చేతిలోనే ఉంటుంది కదా, ఆ ఫోన్‌కే వంద రూపాయలు కొట్టాను. పావుగంటలో అది ఏదో ఆటలో తగలేసి మళ్లీ వచ్చింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, గట్టిగా అరిచాను. ఆ పిల్ల బెదరలేదు. "నీ చిన్నప్పుడు అయిపోతే ఏం చేసేదానివి?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

తొంభైల్లో హైదరాబాద్‌లో నా చేతికి పైసా ఇచ్చినవాళ్లు లేరు. అడిగింది కొనిచ్చేవాళ్లు, లేదంటే వీపు మీద ఒకటిచ్చేవాళ్లు. డబ్బు చేతికిచ్చింది సారపాకలో అమ్మమ్మే, నా ఏడో ఏట, ఎండాకాలం సెలవుల్లో. కిరాణా కొట్టు ముందు నేను రోజూ పెట్టే పేచీకి విసిగి, ఓ ఆదివారం పొద్దున అయిదు రూపాయల బిళ్ల అరచేతిలో పెట్టింది. "ఇగ ఇది నీది. ఏం కొంటవో కొనుక్కో. మల్ల ఆదివారం దాంక నన్నడగొద్దు." నాది అనగానే దాన్ని వాసన చూశాను, నాలుక మీద పెట్టుకుని చూశాను. గోదావరి అవతల భద్రాచలంలో, గుడి దారిలో ఎర్ర కళ్లజోళ్లు అమ్ముతారు. ఒకటి కొనాల్సిందే అని ఆ రోజే అమ్మమ్మను బస్సెక్కించాను.

గోదావరి వంతెన రాగానే బస్సులో అందరూ చిల్లర తీశారు. అమ్మమ్మ నాకూ ఓ పావలా ఇచ్చి, "గోదారమ్మకు ఏసి దండం పెట్టుకో" అంది. ఎండాకాలం నది, అంతా ఇసుకే, నీళ్లు ఓ పక్కన సన్నగా ఉన్నాయి. "నీళ్లొచ్చినయ్, ఎయ్యి ఎయ్యి!" అని పక్కావిడ తొందరపెట్టింది. రెండు బిళ్లలూ ఒకే పిడికిట్లో ఉన్నాయి. విసిరాను. పిడికిలి విప్పి చూస్తే పావలా మిగిలింది.

"బస్సాపు!" అని నేను వేసిన కేకకు డ్రైవర్ నిజంగానే బ్రేకు వేశాడు. కండక్టర్ సంగతి విని, "దిగి దేవులాడుతవా పాపా? ఈతొస్తదా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను అతని సంచీ పట్టుకుని లాగాను. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇంకోటియ్యి అమ్మమ్మా."

"పోయినయి నావైతే ఇద్దును. అవి నీవాయె బిడ్డా."

కళ్లజోళ్ల కొట్టు ముందు నేల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మమ్మ కొంగుముడిలో డబ్బుందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఒకసారి ముడి మీద చెయ్యి వేసింది కూడా. విప్పలేదు. "ఆదివారం వస్తది తియ్యి," అంది. "యాడికి పోతది?"

అదెలా వస్తుందో చూద్దామని అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. సోమవారం మూడుసార్లు అడిగాను, ఇంకా సోమవారమే అన్నారు. బుధవారమైతే అయిపోయినట్టే అయి మళ్లీ మొదలైంది. వారానికి ఏడు రోజులని బళ్లో ఎప్పుడో చెప్పారు గానీ, ఒక్కో రోజు ఎంత పొడుగుంటుందో ఆ అరుగు మీదే తెలిసింది. ఇప్పుడు వారాలు ఎటు పోతున్నాయో కూడా తెలియడం లేదు. అంత పెద్ద వారం మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.